థమ్సప్ అడిగితే ఏమివ్వాలి?

మోమిన్‌పేట్‌లో నా కిరాణం దుకాణం గల్లా మీద ఇప్పుడు మనవడు కూర్చుంటున్నాడు. వాడికి చెప్పేవే ఇవి.

1. ఎవరన్నా "థమ్సప్ ఇయ్యి బిడ్డా" అనగానే ఫ్రిజ్ తెరవకు. "ఏది పెద్దమ్మా, నల్లదా తెల్లదా?" అని అడుగు. ఊళ్ల నుంచి వచ్చే పెద్దవాళ్లలో చాలామందికి సీసాలో పోసిన తీపి నీళ్లన్నీ థమ్సప్పే. నల్ల సీసా మూత తీశాక "గది ముక్కుకెక్కుతది, పోరడు తాగడు, మామిడిపండుది ఇయ్యి" అంటారు. తీసిన మూత మళ్లీ పెట్టలేవు కదా! 1977లో కోకాకోలా దేశం విడిచి వెళ్లింది. ఆ ఏడాదే పార్లే వాళ్లు థమ్సప్ తెచ్చారు. 1993లో కోకాకోలా తిరిగొచ్చి దాన్ని కొనేసింది గానీ, అప్పటికే ఆ పేరు జనం నోట నాటుకుపోయింది.

2. సోడా అంటే మనకు ఉత్త గ్యాసు నీళ్లు. కడుపుబ్బరమైతే నిమ్మకాయ పిండి, ఉప్పేసి తాగేది. ఆ సోడా పోసే గోలీ సీసాకు 1872లో ఇంగ్లండులో హైరమ్ కాడ్ పేటెంటు తీసుకున్నాడు. లోపలి గ్యాసే గోలీని పైకి తోసి రబ్బరు రింగుకు అదిమి పెడుతుంది, వేరే మూతతో పనిలేదు. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన పిల్లలు సోడా అడిగితే మాత్రం ఉప్పు కలపకు. అక్కడ చాలాచోట్ల తీపి డ్రింకునే సోడా అంటారు, కొన్ని రాష్ట్రాల్లో పాప్ అంటారు. 1886లో కోకాకోలా పుట్టిన అట్లాంటా వైపు ఏ డ్రింకైనా కోక్ అనేవాళ్లున్నారు. మన పెద్దమ్మ థమ్సప్ అన్నట్టే!

3. కూల్ డ్రింక్ అనేటప్పుడు "కూల్" అన్న ముక్క మింగెయ్యకు. "డ్రింక్ తీసుకుంటరా?" అని పెద్దమనిషిని అడిగితే మందు సంగతి అనుకుంటాడు.

4. తాండూరు దాకా ఉర్దూ మాట్లాడేవాళ్లు "ఠండా" అంటారు. మంచినీళ్లా, సీసానా అని ఒక్కమాట అడుగు, చాలు.

5. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఉద్యోగి ఆర్టోస్ అడిగితే తెల్లమొహం వెయ్యకు. అది రామచంద్రపురం సరుకు, ఎ.ఆర్. రాజు టానిక్స్ అన్న పేరే అట్లా కుదించారు. రాయలసీమవాళ్లు నన్నారి అంటే సుగంధిపాల వేరుతో కాచిన షర్బత్. తమిళనాడులో పాతకాలపువాళ్లు రంగు డ్రింకులన్నిటినీ కలర్ అనేస్తారు. మన దగ్గర నల్లది, తెల్లది అన్నా అంతేగా.

6. చుట్టాలొస్తే ఇంట్లోవాళ్లు పిల్లగాణ్ని ఉరికిస్తారు: "సల్లగ ఏమన్న పట్కరా పో." వాడికి పేరు తెలియదు, చేతిలో నోటు మాత్రం ఉంటుంది. వచ్చిందెంతమంది అని అడిగి, దాన్నిబట్టి పెద్ద సీసానో చిన్నవో కట్టివ్వు. చిల్లర వాడి జేబులో నువ్వే వెయ్యి, దారిలో పారేసుకుంటాడు.