ఆపిల్ తోటలలో ఫైర్ బ్లైట్ - పూతకాలపు లెక్క

వరిచేలలో అగ్గితెగులును ఎఱుగని రైతు మనలో లేడు. అమెరికా దేశపు ఆపిల్, బేరి తోటలను చెఱచు ఫైర్ బ్లైట్ అను తెగులునకును నిప్పుతోడనే పేరు వచ్చినది. కాని రెండును ఒకటి కావు. మన అగ్గితెగులు బూజుజాతివలన కలుగును. ఇది బాక్టీరియా యను సూక్ష్మజీవివలన కలుగును. పూగుత్తులును లేతకొమ్మలును కాలినట్లు నల్లబడి, కొమ్మకొన చేతికఱ్ఱ పిడివలె వంగిపోవును. 1780 ప్రాంతమున న్యూయార్కు రాష్ట్రపు హడ్సన్ లోయలో దీనిని మొదట గుర్తించిరి. 2000 సంవత్సరము మే నెలలో మిచిగన్ రాష్ట్రపు నైరుతి భాగమున ఇది చెలరేగగా, నష్టము సుమారు 4 కోట్ల 20 లక్షల డాలర్లని లెక్కగట్టిరి. పోయినది ఒక యేటి పంట మాత్రమే కాదు, చెట్లే చచ్చినవి.

ఈ సూక్ష్మజీవి చలికాలమంతయు పాతకొమ్మల పుండ్లలో దాగియుండి, వసంతమున జిగురుగా వెలికి కారును. ఈగలును వానతుంపరలును దానిని పూలకు చేర్చును. తేనెటీగలు పూవునుండి పూవునకు మోయును. పూవులోని కీలాగ్రముమీద అది వెచ్చదనమున వేగముగా పెరుగును. పిమ్మట వానగాని మంచుగాని తడిపినచో, అడుగున తేనె ఊరు గిన్నెలోనికి దిగి, అచ్చటినుండి చెట్టులో ప్రవేశించును. వేడిమి పెంచును, తడి లోనికి దింపును: ఈ రెండుమాటలే తక్కిన లెక్కకు మూలము.

పూవులు మాడిన పిదప మందు చల్లిన ప్రయోజనము లేదు. రోగము అంతకు చాల దినములముందే లోన జొచ్చియుండును. పంచాంగము చూచినట్లు గడువు పెట్టుకొని ఊరక చల్లుటయు మంచిది కాదు. స్ట్రెప్టోమైసిన్ అతిగా వాడినచోట్ల ఆ మందునకు లొంగని సూక్ష్మజీవులు తలయెత్తినవి.

అందుకై మేరీలాండు విశ్వవిద్యాలయమున స్టైనర్, లైట్నర్ గారలు మేరీబ్లైట్ అను లెక్కను కూర్చిరి. వాషింగ్టన్ రాష్ట్రమున కూగర్‌బ్లైట్ అనునది కలదు. నేడీ లెక్కలు కంప్యూటరు చేయును. అయినను పలకమీద వేసి చూచుకొనదగినంత తేలికైనవే. మేరీబ్లైట్ నాలుగు సంగతులు అడుగును. పూవు విచ్చియున్నదా? మొదటి పూవు విచ్చినది మొదలు 65 ఫారన్‌హీటు డిగ్రీలకు పైబడిన వేడిమి గంటలవారీగా కూడి 198 అయినదా? పూవు తడిసినదా? నాటి సగటు వేడిమి 60 డిగ్రీలకు తగ్గకున్నదా? ఉదాహరణము: ఒకనాడు 5 గంటలసేపు 75 డిగ్రీలున్నచో, పైబడినవి 10, కావున 50 జమ. ఇట్టి దినములు నాలుగు గడచిన 200 అగును. ఆ మఱునాటి వెచ్చని తెల్లవారుజామున దట్టమైన మంచు కురిసిన చాలును, నాలుగును కూడినట్లే. దానికి ఒకదినము ముందుగాని, తరువాత ఒకదినములోపలగాని మందు పడవలెను. నాలుగింటిలో ఒక్కటి లోపించినను పూతపై మందు ఖర్చు ఆపుకొనవచ్చును.

అయితే ఈ లెక్కకు తోటలోని పుండ్లు కనబడవు. చలికాలమున వానిని కోసి కాల్చని రైతునకు ఏ యంత్రమును తోడ్పడదు. వడగండ్లు పడి ఆకులు చిరిగినచో, పూవుతో నిమిత్తము లేకయే గాయములగుండ రోగము జొచ్చును. వేసవిలో మాడిన కొమ్మను, మాడిన మేరకు 8 మొదలు 12 అంగుళములు దిగువగా, పొడిదినమున కోయవలెను. మాడినంతమేర మాత్రమే తుంచుట దండుగ.

మన అనంతపురపు దానిమ్మ తోటలలోను బాక్టీరియా మచ్చతెగులు కలదు. ఆ సూక్ష్మజీవి వేఱు. దానిమ్మకు దెబ్బ కాయమీద పడును. కావున 198 అను అంకెను అచ్చటికి తెచ్చి పెట్టరాదు. కాని దానిమ్మ వేయు సభ్యులు తోట నీడలో ఉష్ణమాపకము నొకదానిని వ్రేలగట్టి, దినదినము వేడిమిని, వాన పడినదియు, మొదటి మచ్చ కనబడిన తేదీని ఒక పుస్తకమున వ్రాసియుంచిన, పరిశోధన స్థానమువారికి చూపుటకు పనికివచ్చును.