కలిపిన మందు ఎవరిది?

కులీ కుతుబ్ షా స్టేడియంలో కబడ్డీ ఆడిన పిల్ల కుంటుతూ ఇంటికి వచ్చింది అనుకోండి. చీలమండ ఉబ్బింది. తల్లి నూనె కాచి రుద్దబోతుంది. పక్కింటి పెద్దమ్మ ఒక చిన్న డబ్బా తెస్తుంది. "మా వాడి మోకాలికి డాక్టరు కలిపించి ఇచ్చిన మందమ్మా. రాయి, తగ్గిపోతుంది" అంటుంది.

పెద్దమ్మ మనసు మంచిదే. కానీ ఆ మందు ఈ పిల్లది కాదు.

వెనకటి రోజుల్లో ఆసుపత్రిలో కాంపౌండరు ఉండేవాడు. కాంపౌండరు అంటే మందులు కలిపే మనిషి. రోగులు ఇంటి నుంచి సీసా తీసుకుపోయేవారు. డాక్టరు రాసిన చీటీ చూసి ఆయన మందు కలిపి పోసేవాడు. సీసాకు గాట్లు పెట్టిన కాగితం అంటించేవాడు. ఒక గాటు, ఒక పూట. చార్మినార్ దగ్గర నిజామియా యునానీ దవాఖానా ఉంది. యునానీ హకీము నాడి చూసి రాసే నుస్కా కూడా అలాంటి చీటీయే. మనిషిని చూసి రాసినది.

ఇప్పుడు మందులు ఎక్కువగా కంపెనీల నుంచే తయారై వస్తున్నాయి. అయినా కొందరికి కలపక తప్పదు. ఒకరికి తయారు మందులోని ఏదో ఒకటి పడదు, దద్దుర్లు వస్తాయి. ఇంకొకరు మాత్ర మింగలేరు. అప్పుడు డాక్టరు ఆ ఒక్కరి కోసం రాస్తారు. అదే మందు కడుపులో పుండు ఉన్నవారికీ, కిడ్నీ జబ్బు ఉన్నవారికీ, గర్భిణికీ చెరుపు చేయవచ్చు. పైన రాసే మందు కూడా చర్మం నుంచి కొంత ఒంట్లోకి పోతుంది.

కలిపిన మందు అంటే గొప్ప మందు అనుకోనక్కర లేదు. అమెరికాలో సైనికుల ఆసుపత్రిలో 399 మందిని పరీక్షించారు. అందరికీ ఎన్నాళ్ళుగానో ఒకేచోట నొప్పి. సగం మందికి మందులు కలిపిన పూత ఇచ్చారు. సగం మందికి మందు లేని ఉత్త పూత ఇచ్చారు. నెల తర్వాత చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ సంగతి 2019లో బయటికి వచ్చింది. ఖరీదు మాత్రం కలిపిన పూతకే ఎక్కువ!

మరి పిల్లకు ఏం చేయాలి? మొదట రుద్దకూడదు. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టాలి. మెత్తని పట్టీ చుట్టాలి. కాలి కింద దిండు పెట్టాలి. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ఎముక విరిగి ఉండవచ్చు. ఉస్మానియా ఆసుపత్రికి తీసుకుపోయి ఎక్స్‌రే తీయించాలి. నొప్పి తెలియకుండా చేసే మందు రాసి మళ్ళీ ఆటకు పంపితే చిన్న పగులు పెద్దది అవుతుంది.

పాతబస్తీ తాలీముల్లో పహిల్వాన్లు కట్టు కట్టడం అందరికీ తెలుసు. చాలామంది వారి దగ్గరికే పోతారు. కట్టు కట్టాక వేళ్ళు చూడండి. నల్లబడినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే కట్టు విప్పించాలి. తెల్లవారేదాకా ఆగితే కాలికే ముప్పు.

పేరు లేని పొడి పొట్లాలు ఇంకా చెడ్డవి. అలాంటి కొన్నింటిలో స్టెరాయిడ్ కలిపినట్టు పరీక్షల్లో తేలింది. మొదట హాయిగా ఉంటుంది. పోను పోను ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది.

మీకు ఇప్పుడు చదవడం వచ్చు. డబ్బా చేతికి రాగానే మీద రాసింది చదవండి. ఎవరి పేరు ఉంది? లోపల ఏ మందులు ఉన్నాయి? ఏ తేదీన కలిపారు? ఎప్పటి వరకు వాడాలి? రాసి లేకపోతే మందుల షాపతన్ని అడిగి రాయించుకోండి.

మాట్లాడుకోండి: మీ ఇంట్లో పేరు లేని మందు డబ్బాలు ఎన్ని ఉన్నాయి? అవి ఎవరి కోసం తెచ్చినవి?