లాఠీ దెబ్బకు పరిహారం అడగొచ్చా?

ప్రశ్న: ధర్నా జరుగుతున్న సెంటర్ మీదుగా ఇంటికొస్తుంటే లాఠీచార్జిలో నా చెయ్యి విరిగింది. పోలీసుల మీద దావా వేయవచ్చా?
– ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: వేయవచ్చు. దారులు రెండు. సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా వేయాలంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 80వ సెక్షన్ కింద ముందుగా ప్రభుత్వానికి 2 నెలల నోటీసివ్వాలి. గడువు చిక్కులు రాకుండా ఏడాదిలోపే కదలండి. రెండోది, రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్. వాస్తవాలపై పెద్దగా వివాదం లేనప్పుడే ఇది నిలుస్తుంది. 2011లో ఢిల్లీ రాంలీలా మైదాన్‌లో నిరసనకారులపై జరిగిన పోలీసు చర్యలో తీవ్రంగా గాయపడినవారికి 50 వేలు, స్వల్ప గాయాలకు 25 వేల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2012లో ఆదేశించింది.

ఏ దారిలో వెళ్లినా ఆధారాలు కావాలి. ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా రాయించారా? ఊండ్ సర్టిఫికెట్, ఎక్స్‌రే దాచిపెట్టండి. సీసీటీవీ ఫుటేజీ చెరిగిపోకముందే, దాన్ని భద్రపరచమని రాతపూర్వకంగా కోరండి.