అడవి పల్లెలకు ఆగని హెచ్చరిక

భద్రాచలమువద్ద గోదావరి 53 అడుగులు చేరగనే మూడవ ప్రమాద హెచ్చరిక వెలువడును. 2022 జూలైలో నీటిమట్టము 71 అడుగులు దాటినది. అట్టి వేళ హెచ్చరిక వీడియో అడవి పల్లెలోని ఫోనులో నడుమ నిలిచిపోయినచో, ఊరికి కబురు అందనట్లే.

దీనికి ఉపాయము కలదు. వీడియోను సాధారణముగా 6 సెకనుల తునకలుగా విభజించి, ప్రతి తునకను హెచ్చు, మధ్యమ, తక్కువ నాణ్యతలలో సర్వరునందు ఉంచుదురు. ఒక తునక నడచుచుండగనే యాప్ తరువాతి తునకలను దింపి నిలువ చేసికొనును. సిగ్నలు సన్నగిల్లినచో తక్కువ నాణ్యత తునకను కోరును. బొమ్మ మసకబారును గాని మాట ఆగదు. గాదెలో గింజలున్న ఇంట పొయ్యి ఆరదు గదా!

కావున అట్టి యాప్‌ను గ్రామమునకు తెచ్చువారిని పంచాయతీ సభ్యులు మూడు సంగతులు అడుగవలెనని కోరుచున్నాము. మిక్కిలి తక్కువ నాణ్యత గల ప్రతి ఉన్నదా? మాట మాత్రమే వినిపించు వీలున్నదా? సిగ్నలు బలహీనమైన చోట పరీక్షించితిరా? సిగ్నలే లేని చోట మాత్రము దండోరాను మానరాదు.