గళ్ళ కాగితం మీద నేర్చుకున్నవి

ఆఫీసు సాఫ్ట్‌వేర్లకు బొమ్మలు గీసి రిటైరయ్యాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతుంటారు. ముందు సూసన్ కేర్ ఆపిల్ కంపెనీ మెకింటాష్ కంప్యూటర్‌కి గీసిన బొమ్మలు చూడండి అంటాను. ఆవిడ పని చూసి, నా పని చేసుకుంటూ తెలుసుకున్నవి ఇవి.

1. కంప్యూటర్ చదువు లేదని వెనకాడకండి. సూసన్‌ది లలితకళల్లో డాక్టరేట్. 1982లో హైస్కూలు స్నేహితుడు ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్, మెకింటాష్‌కి బొమ్మలు గీస్తావా అని ఫోన్ చేసేనాటికి ఆవిడ ఒక మ్యూజియం కోసం నిలువెత్తు అడవిపందిని వెల్డింగ్ చేస్తున్నారు. మొజాయిక్, సూదికుట్టు తెలిసిన చేతులవి. గళ్ళ నోటుబుక్కు కొని గీయడం మొదలుపెట్టేశారు.

2. చోటు తక్కువని బాధపడకండి. ఆవిడకు దొరికినవి అడ్డంగా 32, నిలువుగా 32 గళ్ళు. మొత్తం 1024. ప్రతి గడీ నలుపో తెలుపో కావాలి, మధ్యలో బూడిదరంగు లేదు. కత్తెర, చెత్తబుట్ట, చేతిగడియారం, ఒలుకుతున్న రంగు డబ్బా అన్నీ అందులోనే ఇమిడాయి. అప్పటి మెకింటాష్ ఆన్ చేయగానే కనిపించిన నవ్వుముఖాన్ని పెద్దది చేసి చూడండి. కళ్ళకు రెండు పొట్టి గీతలు, ముక్కుకు ఒక మడత, కింద చిన్న నవ్వు. అంతే. లోపల అంతా సవ్యంగా ఉందని మాట అవసరం లేకుండా చెప్పింది. నేనూ బొమ్మ పూర్తయ్యాక ఒక్కో చుక్కా చెరిపి చూసేదాన్ని. ఏది చెరిపితే పోలిక పోతుందో అక్కడ ఆగేదాన్ని.

3. పాత పుస్తకాలు తిరగేయండి. కమాండ్ కీ గుర్తుగా ముందు ఆపిల్ బొమ్మ పెడితే, మెనూల నిండా అవే అని స్టీవ్ జాబ్స్ ఒప్పుకోలేదు. సూసన్ గుర్తుల నిఘంటువు ముందేసుకుని, స్వీడన్‌లో చూడదగ్గ చోట్లకు పెట్టే గుర్తును పట్టుకున్నారు. నాలుగు మూలలా చెవులున్న చదరం. కమాండ్ కీ మీద ఈనాటికీ అదే.

4. తెలియనివాళ్ళకు చూపించండి. నేను గీసినవి ముందు క్యాషియర్‌కీ, అటెండర్‌కీ చూపించేదాన్ని. ‘బాగుందా?’ అని అడగొద్దు, మొహమాటానికి బాగుందంటారు. ‘ఇది నొక్కితే ఏమవుతుందనుకుంటున్నారు?’ అని అడగండి. చేసేవాళ్ళ అంచనా తప్పొచ్చు. అప్పటి మెకింటాష్‌లో పెద్ద తప్పు జరిగితే వచ్చే బాంబు బొమ్మ జనానికి ఎప్పుడో గానీ కనిపించదని ఇంజనీర్లు సూసన్‌తో అన్నారు. జనం చూశారు, హడలిపోయారు కూడా.

5. పేరు రాలేదని పని తగ్గించకండి. ఆపిల్ తర్వాత సూసన్‌కు నెక్స్ట్ కంపెనీ, ఆ తర్వాత సొంత పని. 1990లో వచ్చిన విండోస్ 3.0లోని సాలిటైర్ పేకముక్కలు ఆవిడ చేతివే. మా ఆఫీసులో చాలామందికి మౌస్ పట్టడం ఆ ముక్కలతోనే అలవాటైంది. గీసిందెవరని ఒక్కరూ అడగలేదు. నాకది ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

6. చిత్తుప్రతులు పారేయకండి. సూసన్ గళ్ళ కాగితాల స్కెచ్‌లను 2015లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ప్రదర్శనకు పెట్టింది. మీ కాగితాల మీదా తేదీ వేసి, ఏ పనికి గీశారో పక్కన రాసి, ఫైల్లో పెట్టుకోండి.