పెద్ద కంపెనీలను, వార్తాపత్రికలను నమ్మవచ్చునా?

లోకవ్యవహారమంతయు నమ్మకముమీద నడచుచున్నది. బియ్యము కొలిచిన వర్తకుని నమ్ముచున్నాము. ఎక్కిన బండిని నడపువానిని నమ్ముచున్నాము. మందిచ్చిన వైద్యుని నమ్ముచున్నాము. ప్రతి విషయమును స్వయముగా పరీక్షించినగాని యొప్పుకొననని పట్టుపట్టువాడు ఒక్క దినమైనను జీవింపజాలడు. అయినను విచారింపక యుంచిన నమ్మకము కొన్నివేళల నిరపరాధులను చెరసాలకు పంపును. నేటి కాలమున మన పద్దులను, ఉత్తరములను, పరీక్షాఫలితములను, తుదకు రూపాయలను సైతము పెద్ద సాఫ్టువేరు కంపెనీల యంత్రములే భద్రపరచుచున్నవి. దేశమున జరుగు సంగతులను పత్రికలును టెలివిజనును మనకు తెలుపుచున్నవి. వీరినెంతవరకు నమ్మవచ్చును? ఈ ప్రశ్నకు ఊహలతోగాక, నిజముగా జరిగిన యొక సంగతినిబట్టి జవాబు వెదకుదము.

బ్రిటను దేశపు చిన్న ఊళ్లలో పోస్టాఫీసులను సబ్ పోస్టుమాస్టర్లు నడుపుదురు. వారిలో పెక్కురు ఒక చిన్న దుకాణము పెట్టుకొని, అందులోనే తపాలా బిళ్లలు అమ్ముచు, పింఛనులు చెల్లించుచు ఊరివారికి తలలో నాలుకవలె నుందురు. 1999వ సంవత్సరము మొదలుకొని పోస్టాఫీసువారు వీరి లెక్కలన్నిటిని హొరైజన్ అను కంప్యూటరు ఏర్పాటులోనికి మార్చిరి. దానిని నిర్మించినది జపాను దేశపు ఫుజిట్సు కంపెనీ చేతిలోనున్న ఐ.సి.ఎల్. అను సంస్థ. పెట్టెలోని రొక్కము యంత్రము చూపు రొక్కముకంటె తక్కువైనచో, ఆ తక్కువను సబ్ పోస్టుమాస్టరే తన సొంత ధనముతో పూరింపవలయునని పోస్టాఫీసువారు నిర్బంధించుచుండిరి.

ఆ యంత్రమున లోపములుండెను. అవి యెట్టివో తెలియుటకు ఒక్క ఉదాహరణము చాలును. 2015లో స్కాట్లాండునందలి డాల్మెల్లింగ్టన్ శాఖకు చెందిన యొక యుద్యోగిని 8,000 పౌండ్ల రొక్కమును పద్దులో చేర్పబోగా తెర కదలకుండెను. ఆమె మీటను మరల మరల నొక్కెను. రొక్కము వచ్చినది ఒక్కసారియే; యంత్రము మాత్రము దానిని నాలుగు మారులు వ్రాసికొని 32,000 పౌండ్లుగా చూపెను. ఎన్నడును చేతికి రాని 24,000 పౌండ్లు లెక్కలో లోటుగా తేలెను. ఈ తప్పునకు కారణము కనిపెట్టబడెను. కారణము కనిపెట్టబడని తప్పుల గతి యేమి?

ఆ గతియే ఈ కథలోని దుఃఖము. సహాయమునకై టెలిఫోను చేసినవారికి, ఇట్టి చిక్కు దేశమున మరెవ్వరికిని లేదను జవాబు వచ్చెనని అనేకులు సాక్ష్యమిచ్చిరి. అందుచేత ప్రతివారును తామొక్కరమే దోషులమా యని సిగ్గుపడి, ఇల్లు తాకట్టుపెట్టియు, బంధువులయొద్ద అప్పుచేసియు ఆ లేని బాకీని తీర్చుచుండిరి. తీర్చలేనివారు న్యాయస్థానమునకు ఈడ్వబడిరి. 1999కిని 2015కిని మధ్య 900 మందికి పైగా దొంగతనము, తప్పుడు లెక్కలు మొదలగు నేరములకు శిక్షింపబడిరి. వారిలో దాదాపు 700 మందిపై అభియోగము తెచ్చినది పోస్టాఫీసే. వాది తానే, విచారించువాడు తానే, లోపములు గల యంత్రమునకు యజమాని తానే! కంప్యూటరు సరిగానే పనిచేయుచున్నదని ముందుగా భావింపవలయునను నియమము ఆంగ్ల న్యాయస్థానములలో నుండెను. తప్పు యంత్రముదని రుజువుచేయుటకు వలయు కాగితములన్నియు కంపెనీవారి బీరువాలలోనే యుండెను.

భారతసంతతికి చెందిన సీమా మిశ్రా అను నామె సర్రీ జిల్లాలోని వెస్ట్ బైఫ్లీట్ పోస్టాఫీసును నడుపుచుండెను. ఆమె లెక్కలో 74,000 పౌండ్లకు పైగా లోటు కలదని నేరము మోపబడెను. 2010 నవంబరులో, గర్భవతియై యుండగా, తన పెద్దకుమారుని పదియవ జన్మదినమున ఆమె చెరసాలకు పంపబడెను. ఆమె నిర్దోషియని అప్పీలు కోర్టు అంగీకరించి శిక్షను రద్దుచేసినది 2021 ఏప్రిల్ 23వ తేదీన. అనగా పదియేండ్లు గడచిన తరువాత. ఆ దినమున 39 మంది శిక్షలు రద్దయ్యెను. అప్పటికి వారిలో కొందరు లోకము విడిచిపోయిరి.

ఇక పత్రికల సంగతి విచారింతము. ఒక్కొక్కరు శిక్షింపబడినప్పుడు ఆ యూరి పత్రికలు దానిని దొంగతనపు వార్తగా అచ్చువేసెను. న్యాయస్థానము చెప్పినదానిని వ్రాయుట తప్పుకాదు. కాని ఇంతకాలము నమ్మకముగా నున్న యింతమంది పోస్టుమాస్టర్లు ఒక్కసారిగా దొంగలెట్లైరని యడుగుట ఎవరికిని తోచలేదు. ఆ ప్రశ్న నడిగినది కంప్యూటర్ వీక్లీ అను చిన్న వృత్తిపత్రిక. 2009 మే నెలలో అది యేడుగురు సబ్ పోస్టుమాస్టర్ల కథలను ఒక్కచోట చేర్చి ప్రకటించెను. వారిలో ఒకరు వేల్సుదేశపు లాండుడ్నో పట్టణమున పోస్టాఫీసు నడిపి, 2003లో దానిని పోగొట్టుకొనిన అలన్ బేట్స్. ఆయన ఆ సంవత్సరముననే తనవంటి బాధితులను కూడగట్టి యొక సంఘము స్థాపించెను. తుదకు 555 మంది కలిసి దావా వేసిరి. 2019 డిసెంబరున ఉన్నత న్యాయస్థానము, హొరైజన్‌లో లోపములున్నవనియు, ఫుజిట్సు ఉద్యోగులు దూరమునుండియే శాఖల లెక్కలను మార్పగలిగి యుండిరనియు తీర్పుచెప్పెను. పోస్టాఫీసువారి వాదము భూమి బల్లపరుపుగా నున్నదనుటకు సమానమని న్యాయాధిపతి వ్రాసెను. అయినను దేశమంతయు మేల్కొనినది, 2024 జనవరిలో ఈ కథను ఐ.టి.వి. వారు నాటకముగా టెలివిజనులో ప్రదర్శించిన తరువాతనే. ఆ సంవత్సరము మే 24వ తేదీన వందలకొలది శిక్షలను ఒక్కమారుగా రద్దుచేయు శాసనము పుట్టెను.

ఇది పరదేశపు సంగతియని మనము నిశ్చింతగా నుండరాదు. 1987లో హైదరాబాదున స్థాపింపబడిన సత్యం కంప్యూటర్స్ అను కంపెనీని పత్రికలు ఎంతయో పొగడెను. మంచి పరిపాలనకుగాను 2008లో దానికొక బహుమానమును ఇయ్యబడెను. 2009 జనవరి 7వ తేదీన దాని అధ్యక్షుడే యొక జాబు వ్రాసి, లెక్కలలో చూపిన 5,361 కోట్ల రూపాయల రొక్కములో 5,040 కోట్లు అసలు లేనే లేవని యొప్పుకొనెను. బహుమానమును, పొగడ్తయు, ఆడిటర్ల సంతకమును లేని రొక్కమును ఉన్నట్లు చేయలేకపోయెను.

అయినచో ఎవరినిగాని నమ్మకుందుమా? అదియు అపాయకరమే. పత్రికలన్నియు అబద్ధములని కొట్టివేయువాడు తరచుగా పేరులేని మాటను పట్టుకొని వ్రేలాడును. 2018లో పిల్లలనెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వదంతి వాట్సాప్ ద్వారా దేశమున వ్యాపించెను. ఆ జూలై నెలలో కర్ణాటకమునందలి బీదరు జిల్లాకు పోయిన హైదరాబాదు యువకులు కొందరు అచ్చటి పిల్లలకు చాక్లెట్లు పంచిరి. ఆ వదంతిని నమ్మిన జనసమూహము వారిని వెంబడించి కొట్టగా ఒక యువకుడు ప్రాణము విడిచెను. పత్రిక తప్పు వ్రాసినచో అడుగుటకు సంపాదకుడు గలడు. వదంతిని అడుగుటకు ఎవరున్నారు?

కావున నమ్మవలయునా మానవలయునా యనుట సరియైన ప్రశ్న కాదు. దేనినిబట్టి నమ్మవలయుననునదే ప్రశ్న. ఇందుకు నాలుగు గుర్తులు చెప్పవచ్చును. మొదటిది: తన లెక్కలను, లోపములను ఇతరులు పరీక్షించుటకు ఒప్పుకొనువాడు నమ్మదగినవాడు, లోపమే లేదనువానియెడల జాగ్రత్త వలయును. రెండవది: తప్పు జరిగినచో నష్టము ఎవరిపై బడునో చూడవలయును. నష్టమంతయు బీదవానిపై బడునట్లు ఏర్పాటు చేసికొనిన కంపెనీకి తన తప్పు వెదకికొను తొందర యుండదు. మూడవది: నిన్న వ్రాసినది తప్పని నేడు ప్రకటించు పత్రిక, ఎన్నడును దిద్దుకొనని పత్రికకంటె మేలు. నాలుగవది: ఒక్క సాక్షితో తృప్తిపడరాదు. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాటమీదనే సంగతి స్థిరపడవలయునని మోషే ధర్మశాస్త్రము విధించుచున్నది. యంత్రము ఒక్క సాక్షియే; సంచిలోని రొక్కము రెండవ సాక్షి; ఆ మనుష్యుని పూర్వపు నడవడి మూడవ సాక్షి. హొరైజన్ విషయమున మొదటి సాక్షి మాటనే విని తక్కిన సాక్షులను త్రోసివేసిరి.

బెరయ పట్టణమువారు అపొస్తలుడైన పౌలు బోధించినదానిని సైతము అట్లే యున్నదో లేదోయని ప్రతిదినము లేఖనములను పరిశోధించిరి. అందుకు వారు అవిశ్వాసులని నిందింపబడలేదు, ఘనులని కొనియాడబడిరి. పరిశోధించుట విశ్వాసమునకు శత్రువు కాదని దీనివలన తెలియుచున్నది.

ప్రియ విద్యార్థులారా, నేడు ఈ బల్లలపై కూర్చుండిన మీలో అనేకులు రేపు సాఫ్టువేరు వ్రాయుదురు. కొందరు పత్రికలకు వార్తలు వ్రాయుదురు. కొందరు న్యాయస్థానములలో నిలుతురు. మీ యంత్రము ఒక పేదవానిని దొంగయని చూపునప్పుడు, ‘లోపము మాదేమో, మరల చూచెదము’ అని చెప్పు ధైర్యము మీకు కలుగవలయును. ఆ యొక్కమాట సకాలమున పలికినవారుండినయెడల, ఒక తల్లి తన కుమారుని జన్మదినమున ఇంటనే యుండెడిది.