గులాబీ పురుగు బీటీకి ఎందుకు లొంగడం లేదు?

సాగర్ ఎడమ కాలువ నీళ్ళెక్కని సూర్యాపేట, కోదాడ చెల్కల్లో పత్తి పెట్టే రైతులు ఈ సంగతి తెలుసుకోవాలి. మట్టిలోని సూక్ష్మజీవి జన్యువును చేర్చిన బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. శనగపచ్చ పురుగు లొంగింది, దానికి కొట్టే మందులు తగ్గాయి. ఆ మేలు కాదనలేం. గులాబీ రంగు పురుగు మాత్రం తట్టుకోవడం నేర్చింది. 2010లో గుజరాత్‌లో ఇది బయటపడింది. 2006లో వచ్చిన రెండు జన్యువుల రకానికీ ఇప్పుడది జంకడం లేదు.

చేనంతా బీటీయే అయితే విషానికి చావని పురుగులే మిగిలి, వాటిలో అవే జతకడతాయి. చుట్టూ మామూలు పత్తి ఉంటే అక్కడ పెరిగిన రెక్కల పురుగులు వీటితో కలుస్తాయి. పుట్టే పిల్లలు బీటీకి లొంగుతాయి. అందుకే 450 గ్రాముల విత్తనంతో పాటు 120 గ్రాముల బీటీ కాని గింజలు విడిగా ఇచ్చేవారు. మనలో ఎందరం విత్తాం? కొన్ని ప్యాకెట్లలో కందులు పెట్టారు. శనగపచ్చ పురుగుకైతే సరే, గులాబీ పురుగు కందిని ముట్టనే ముట్టదు!

ఇక చేయాల్సింది: ఎకరాకు 4 లింగాకర్షక బుట్టలు పెట్టండి. బుట్టకు రోజుకు 8 చొప్పున వరసగా 3 రోజులు పురుగులు పడితేనే మందు కొట్టండి. గుడ్డిపూలు ఏరి కాల్చండి. నీళ్ళున్నాయి కదా అని డిసెంబరు దాటాక పత్తిని సాగదీయకండి.